కారణం చెప్పే గొంతు

నేను అబద్ధం బాగా చెబుతాను. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు, పన్నెండేళ్ళుగా చేస్తున్న పని అది. కడుపు పోయిన ఆడవాళ్ళకు ఫోనులో ఊరట చెప్పే స్వచ్ఛంద సేవ మాది. కాకినాడలో మా ఆయన పనిచేసే పరిశోధన సంస్థ వెనక ఒక రేకుల గది ఉంది. వారానికి నాలుగు మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని ఫోను ఎత్తుతాను. మొత్తం పదకొండుమందిమి. ఎనిమిదిమందికి ఒకసారైనా కడుపు పోయింది. మిగతా ముగ్గురు ఎందుకొచ్చారో ఎవరూ అడగలేదు.

మాకు నేర్పింది ఒకటే మాట, ‘ఇందులో నీ తప్పేం లేదమ్మా’. అవతలి మనిషి బొప్పాయి ముక్క తిన్నానంటుంది, నీళ్ళ బిందె ఎత్తానంటుంది, గ్రహణం రోజు గుమ్మం దాటానంటుంది. అన్నిటికీ అదే మాట. అది నిజమో కాదో మాకూ తెలియదు. తెలియకపోవడం వల్లే అంత ధైర్యంగా అనగలిగేవాళ్ళం. ఇరవై ఏళ్ళ కిందట నాకు అయిదో నెలలో పోయినప్పుడు, ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఫోనులో నాతో ఆ మాటే అంది. దాన్ని పట్టుకునే నేను లేచి తిరిగాను. అందుకే తర్వాత ఈ పనికి వచ్చాను.

మాకు ఇంకో పద్ధతి ఉంది. ఫోను చేసిన ప్రతి మనిషికీ పురుడు రావలసిన తేదీ అడిగి పుస్తకంలో రాసుకుంటాం. ఆ రోజు మేమే ఫోను చేస్తాం. ఇంట్లో అందరూ మరిచిపోయినా ఆ తల్లి మరవదు కదా. ఆ రోజు ఏమీ మాట్లాడక్కర్లేదు, అవతల ఏడుస్తుంటే లైనులో ఉంటే చాలు.

ఇలా ఉండగా మా ఆయన శ్రీకంఠం మా పనికి నిప్పు పెట్టారు. ఆయనకు తెలియకపోవడమంటే పడదు. మా బిడ్డ ఎందుకు పోయిందో డాక్టరు ‘ఒక్కోసారి అంతే’ అని చేతులు కడుక్కున్నప్పటి నుంచి ఆ ‘ఎందుకు’ ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ కణాలు కొన్ని తల్లి నెత్తురులోకి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయట. తమకు తగిలిన ప్రతి దెబ్బనూ అవి వారం వారంగా గుర్తుపెట్టుకుంటాయని ఆయన పద్నాలుగేళ్ళు పనిచేసి కనిపెట్టారు. ఆ గుర్తులు చదివే యంత్రం చేశారు. పరీక్షకు ‘జాడ’ అని పేరు పెట్టారు. మొదటి నెత్తురు నాదే. అన్నం తినే బల్ల మీదే, నా చెయ్యి చాపించి, తనే సూది గుచ్చి తీశారు. పదకొండు రోజుల తర్వాత యంత్రం ‘కణాలు దొరకలేదు’ అంది. నాది మరీ పాతదైపోయింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. నేను మాత్రం కడుపారా తిన్నాను.

ఊళ్ళో వాళ్ళకు మాత్రం జాడ బాగా దొరికింది. ఒక గొట్టం నెత్తురు ఇస్తే పదకొండు రోజుల్లో ఒక కాగితం వస్తుంది. ఏ వారంలో ఏం జరిగింది, ఏది బిడ్డను చంపింది, ఉన్నదున్నట్టు ఉంటుంది. ఆ కాగితం చదివి చెప్పడానికి డాక్టర్లకు తీరిక లేదన్నారు. అప్పుడు శ్రీకంఠం మా రేకుల గదికి వచ్చి, మీ గొంతులైతే వాళ్ళు నమ్ముతారు, మీరే చెప్పండి అని మా పదకొండుమందినీ అడిగారు. అందరికంటే ముందు సరేనన్నది నేనే. ఇన్నేళ్ళూ చీకట్లో అన్న మాటకు ఇక కాగితం కూడా తోడొస్తుందని సంబరపడ్డాను.

నూటికి తొంభై కాగితాలు నా మాటే నిజం చేశాయి. బిడ్డ కడుపున పడినప్పుడే గుణసూత్రాల్లో తేడా, ఎవరు ఏం చేసినా నిలిచేది కాదు. అవి చదువుతుంటే నా గొంతు పాటలా ఉండేదని పక్క బల్ల ఆవిడ అనేది. గొడవంతా మిగతా పదితోనే వచ్చింది.

ఆ పదిలో మొదటిది రామచంద్రపురం అమ్మాయి కుసుమది. తొమ్మిదో వారంలో తీవ్రమైన జ్వరం, మందు పడలేదు. ఉన్నదున్నట్టు చదివేశాను. జ్వరమొచ్చినా చెప్పకుండా మూడు రోజులు అత్తవారింట పెళ్ళి పనులు చేసిందా పిల్ల. చెబితే పని దొంగ అంటారని భయం. ఆ పిల్ల ఆడపడుచు కాగితం ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. పెళ్ళి పనులు ఎవరు చేయించారన్న ఊసు ఒక్కరూ ఎత్తలేదు. బిడ్డను మింగిందని పుట్టింటికి తోలేశారు. పురుడు రావలసిన రోజున నేను ఫోను చేస్తే కుసుమ ఏడవలేదు. మీరు చెప్పకుండా ఉంటే బాగుండేదండి అని ఒక్క మాట అని పెట్టేసింది. ఏడాది తిరిగేసరికి పెళ్ళిళ్ళ పేరయ్యలు రెండో సంబంధాలకు జాతకంతో పాటు జాడ కాగితం కూడా అడగడం మొదలుపెట్టారు. మావాడి వైపు ఏ తేడా లేదని కాగితం చూపించి మీసం తిప్పిన మామగార్లు కూడా నాకు తెలుసు.

అప్పటి నుంచి నేను కాగితంలో ఉన్నది చదవడం మానేశాను. మనసు కోసేది ఏదున్నా ‘గుణసూత్రాల తేడా’ అనేసేదాన్ని. కాగితం వాళ్ళ చేతికి పంపే పనీ మాదే, అలాంటివి నా సొరుగులోనే ఉండిపోయేవి. బయటి కారణం ఏదైనా ఉంటే ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి చూసి రావాలి. కాగితం కింద అందుకోసం ఉన్న గడిలో ‘వారు విచారణ వద్దన్నారు’ అని గుర్తు పెట్టేసేదాన్ని. ఓసారి అన్నం తింటూ శ్రీకంఠం అడిగారు, నీ బల్ల దగ్గరే ఇంతమంది వద్దంటారేమిటని. ఆడవాళ్ళకు సిగ్గండీ, మీకు అర్థం కాదన్నాను. నమ్మారు. నెత్తురులో అబద్ధాన్ని పట్టగలిగినాయనకు ఇంట్లో అబద్ధం దొరకలేదని అప్పుడు కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

సత్యవేణిది పెద్దాపురం. ముప్పై నాలుగేళ్ళు. జాకెట్లు కుట్టి, వాటి మీద మగ్గం పని చేస్తుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు పదకొండో వారంలో పోయింది. నెత్తురు ఇచ్చి వచ్చిన రోజునే మాకు ఫోను చేసింది, నేనే ఎత్తాను. గంట మాట్లాడితే అందులో ముప్పావు గంట వాళ్ళమ్మ వెంకాయమ్మ గురించే. వెంకాయమ్మ భర్త పోయాక అల్లుడి పంచనే ఉంటోంది. వియ్యపురాలు పక్క వీధిలోనే ఉండి, ఎప్పుడు ఏ వంక దొరుకుతుందా అని కాచుకుని కూర్చుంది.

“వేవిళ్ళకి ఏదీ ఇమిడేది కాదండి,” అంది సత్యవేణి. “అమ్మ చారు ఒక్కటే నిలిచేది. మా అమ్మమ్మ నాటి ఇత్తడి గిన్నెలో కాస్తదండి, ఆ రుచి ఇంక దేనికీ రాదు. పొద్దున్నా సాయంత్రం గ్లాసుతో పట్టేది. అమ్మే లేపోతే నేను ఆ నెలలు కూడా బతికేదాన్ని కాదండి.”

పదకొండు రోజులకు కాగితం వచ్చింది. ఆరో వారం నుంచి సీసం. రోజూ కొంచెం కొంచెం. దారి, ఆహారం. నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుము పడుతుందని లోపల తగరంతో కళాయి పూత వేయిస్తాం. సులువుగా అంటుకోవాలని కొందరు తగరంలో సీసం కలుపుతారు. చింతపండు పులుసు తగిలి మరిగితే ఆ సీసం చారులోకి దిగుతుంది. సరిగ్గా అదే చారును వెంకాయమ్మ కూతురికి గ్లాసులతో పట్టింది.

నిజం చెబితే అమ్మే బిడ్డను చంపిందని చెప్పినట్టు. వియ్యపురాలికి కావలసిన వంక నేనే పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు. వెంకాయమ్మ సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడడం నా కళ్ళకు కట్టింది. కుసుమ గొంతు చెవిలో ఇంకా ఉంది. నంబరు నొక్కాను.

“గుణసూత్రాల తేడా సత్యవేణీ. బిడ్డ కడుపున పడినప్పుడే ఉంది. ఎవరు ఏం చేసినా నిలిచేది కాదు.”

సత్యవేణి బావురుమంది. ఏడుస్తూనే వంటింట్లోకి కేక పెట్టింది, మన వల్ల కాదంటమ్మా అని. అవతల వెంకాయమ్మ దేవుళ్ళందరికీ పేరు పేరునా దండాలు పెట్టడం వినిపించింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను.

గిన్నె సంగతి నేను మరిచిపోలేదు. నేను అంత బుద్ధిలేనిదాన్ని కాదు, దానికంటే చెడ్డదాన్ని, తెలివైనదాన్ని. నిజం చెప్పకుండానే గిన్నె మాన్పించవచ్చని ఒక ఉపాయం పన్నాను. ఈసారి జాగ్రత్తలు చెబుతాను రాసుకో అంటూ పది చెప్పాను. నీళ్ళు కాచి తాగమన్నాను, నిద్ర చెడగొట్టుకోవద్దన్నాను, ఐరన్ మాత్రలు మానొద్దన్నాను. ఏడోదో ఎనిమిదోదో, మాటల్లో మాటగా, పూత పోయిన గిన్నెల్లో పులుపు వండకండి అన్నాను. పూతే విషం అని చెబితే ఎందుకు అని అడుగుతుంది కదా. అడిగితే కాగితం దాకా వస్తుంది. అందుకని మాటను అలా తిప్పాను. తర్వాత కాగితంలో ‘విచారణ వద్దన్నారు’ గడిలో గుర్తు పెట్టి, టీ తాగడానికి వెళ్ళాను.

ఆరు నెలలకు పురుడు రావలసిన తేదీ వచ్చింది. పద్ధతి ప్రకారం ఫోను చేశాను. సత్యవేణి నవ్వుతూ ఎత్తింది. ఆ రోజున నవ్విన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

“మళ్ళీ నెల తప్పానండి వకుళగారూ, మూడో నెల నడుస్తంది. మీరు చెప్పినయ్యన్నీ చేస్తన్నాం. గిన్నెల సంగతి కూడా అమ్మ చూసుకుందండి, అద్దంలా ఉన్నాయిప్పుడు.”

కొత్త స్టీలు గిన్నెలు కొన్నారనుకున్నాను. ఇంకో ప్రశ్న అడగలేదు. అడగవలసిందల్లా ఏ గిన్నెలమ్మా అని ఒక్క మాట. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, అబద్ధంతో కూడా ఒక కడుపు నిలబెట్టవచ్చని మనసులో మా ఆయనతో వాదించి గెలిచాను.

రెండో కడుపు అయిదో నెలలో పోయింది. ఆ సంగతి నాకు సత్యవేణి చెప్పలేదు, శ్రీకంఠం చెప్పారు. మిట్టమధ్యాహ్నం ప్రయోగశాల నుంచి కబురు పంపి పిలిపించుకున్నారు. ఆయన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకే తల్లివి రెండు జాడలు కలిస్తే యంత్రం దానంతటదే పోల్చి చూపిస్తుందట. మొదటిదాంట్లో సీసం గీత నా చిటికెన వేలంత ఉంది. రెండోదాంట్లో జానెడు ఉంది.

“నాలుగింతలు,” అన్నారాయన. “నీకు తెలిసిన మనిషేనా?”

పైన సత్యవేణి పేరు చూసి తలూపాను. మా ఫోనులన్నీ రికార్డవుతాయి. ఆయన నా పాత ఫోను వినిపించారు. గుణసూత్రాల తేడా అన్న దగ్గర ఆపి, “ఈ గొంతుతో చెబితే నేనైనా నమ్మేవాణ్ణి,” అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. మళ్ళీ కొంచెం ముందుకు నడిపి, పూత పోయిన గిన్నెల్లో పులుపు వండకండి అన్న దగ్గర ఇంకోసారి ఆపారు. ఆయనకు వంటింటి సంగతులు తెలియవు. తెలియనిది అడిగి తెలుసుకునే అలవాటు మాత్రం ఉంది.

“గిన్నెకి పూత పోతే మామూలుగా ఏం చేస్తారు?”

“కొత్త పూత వేయిస్తారు,” అన్నాను.

అద్దంలా ఉన్నాయిప్పుడు అని ఆ రోజు ఫోనులో అంది సత్యవేణి. నా మాట విని, నా మాట మీద గౌరవంతో, వెంకాయమ్మ ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నెలన్నిటికీ తాజాగా కళాయి పెట్టించింది. పాత గిన్నెలో అరిగి అరిగి కాస్తే మిగిలిన విషాన్ని మందంగా కొత్తగా పూయించింది నేను. మొదటి బిడ్డ తెలియక పోయింది. రెండో బిడ్డను నేను దగ్గరుండి పంపాను.

శ్రీకంఠం ఇంకా ఒకటి చెప్పారు. ఈ మోతాదులో సీసం ఎముకల్లో చేరిపోతుంది. దిగడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా మళ్ళీ కడుపు రాకూడదు. ఆమెకు ముప్పై అయిదు వస్తున్నాయి, లెక్క నేనే చేసుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, నీకు చేతకాకపోతే నేను చెబుతాను అన్నారు. వద్దన్నాను. మొదట మాట్లాడిన మనిషే చివరిదాకా మాట్లాడాలని మా నియమం. నియమాలంటే నాకెంత భక్తో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. అయినా ఈ ఒక్కటీ పాటించాలనిపించింది.

రేకుల గదికి వచ్చి నంబరు నొక్కాను. సత్యవేణి ఎత్తింది. ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని అడిగాను. అమ్మ ఉందండి, స్పీకరు పెట్టాను అంది. స్పీకరు తీసి లోపలికి వెళ్ళమ్మా అన్నాను.

“మా అమ్మ వినకూడనిది నాకేం లేదండి. చెప్పండి.”

చెప్పాను. సీసమని, కళాయి అని, చారు అని, అన్నీ వరసగా చెప్పాను. ఇన్నేళ్ళు సాన పట్టిన గొంతు ఆ రోజు గరగరమంది. ఎముకల సంగతీ చెప్పాను, ఏళ్ళ సంగతీ చెప్పాను. అవతల కుట్టుమిషను ఒక్కసారి తిరిగి ఆగింది, ఎవరో దాని మీద చెయ్యి ఆనించినట్టున్నారు.

“మొదటిసారి కాయితంలో కూడా ఇదే ఉందాండి?” అంది సత్యవేణి.

“ఉంది.”

“మీకప్పుడే తెల్సా?”

“తెలుసు. మీ అమ్మని నువ్వు ఏమంటావోనని, మీ అత్తగారు ఇంట్లోంచి పొమ్మంటారేమోనని…”

నా మాట పూర్తి కాలేదు. ఫోను చేతులు మారింది. వెంకాయమ్మ గొంతును నేను అంత దగ్గరగా వినడం అదే మొదటిసారి. తిడుతుందనుకున్నాను. తిట్టాలని మనసులో మొక్కుకున్నాను.

“అప్పుడే చెప్పుంటే నేను చచ్చిపోదుననుకున్నావా తల్లీ? గిన్నె పారేద్దును. అంతేగదా.”

అవతల సత్యవేణి ఏడవడం లేదు. ఏడుస్తుంటే లైనులో ఉండడం నాకు చేతనవును, ఏడవకపోతే ఏం చేయాలో పన్నెండేళ్ళలో ఎవరూ నేర్పలేదు. క్షమించమని అడగబోయాను. వెంకాయమ్మ వినిపించుకోలేదు. ఉండు, ఫోను పెట్టెయ్యకు అంది. ఆవిడ వంటింట్లోకి నడవడం, అటక మీద నుంచి సామాను దించడం వినిపించింది. నా పిల్ల ఇంకా ఈ ఇంట్లోనే తినాలి కదా, ఏవేవి పారెయ్యాలో చెప్పు అంది.

చారు గిన్నె అడిగింది. పారెయ్యండి అన్నాను. పప్పు తపేలాకి కూడా మొన్ననే పూత వేయించానంది. అదీ పారెయ్యండి అన్నాను. పెరుగు తోడేసే గిన్నె? అదీ. పులుసు కాచే రాతిచిప్ప? అది ఉంచుకోవచ్చండి. మంచినీళ్ళ బిందె లోపలి పక్క పూత లేదంది, దాన్నీ కార్యకర్త వచ్చి పరీక్ష చేసేదాకా వాడవద్దన్నాను. ఒక్కొక్కటీ నేల మీద పెడుతున్న చప్పుడు. ఇంకేం లేవమ్మా, మిగతావన్నీ స్టీలే అంది. ఫోను పెట్టేసింది.

గోడ మీద గడియారం చూశాను. గిన్నెలన్నీ తేల్చడానికి మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.